చిన్నాయనకు నార్మల్, చిన్నమ్మకు హై: ఎందుకు? ఎలా?

మా చిన్నాయన, చిన్నమ్మ ఆళ్లగడ్డలో ఉంటారు. రెండు మూడు నెలలకోసారి చిన్నాయన షుగరు చూపించుకోవడానికి నంద్యాల వస్తారు. పరగడుపున రక్తమిచ్చి, ఆ ఆకలి మీద ఉగ్గాని బజ్జీ పొట్లం కట్టించుకుని, రిపోర్టులు వచ్చేదాకా మా ఇంట్లో కూర్చోవడం వాళ్లకు అలవాటు. మొన్న వచ్చినప్పుడు ఇద్దరి చేతుల్లోనూ కొలెస్ట్రాల్ పరీక్ష కాగితాలు కూడా ఉన్నాయి.

చిన్నాయన తన కాగితం బల్ల మీద పరిచి మొదటి వరుస మీద వేలు పెట్టాడు. టోటల్ కొలెస్ట్రాల్ 196. పక్కన ‘200 లోపు’ అని అచ్చు వేసి ఉంది. చిన్నమ్మది 228. ఆ అంకె లావుగా పడింది, పక్కనే ‘హై’ అని కూడా ఉంది.

“చూడు రా అబ్బీ, నాది నార్మలే. మీ చిన్నమ్మకే ఎక్కువైంది. పోయినసారి పరీక్షలోనూ ఇట్లే వచ్చింది. అప్పటి నుంచే గుడ్లు మానిపించినా. చెనిక్కాయ నూనె కూడా మానేసి, కొలెస్ట్రాల్ లేదని టిన్ను మీద రాసినది తెస్తా ఉన్నా.”

ఇంత చెప్పి ఇంకో బజ్జీ అందుకున్నాడు. చిన్నమ్మ మాట్లాడకుండా బొరుగులు ఏరుకుంటోంది.

నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. డాక్టరును కాను, మందు రాయడం నా పని కాదు. కాగితం చదివి చెప్పగలను, అంతే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే సంబరం, దిగులు తారుమారయ్యాయనిపించింది. భయపడవలసినంత లేనిదానికి చిన్నమ్మ భయపడుతోంది, భయపడవలసిన చోట చిన్నాయన బజ్జీ తింటున్నాడు. అది వాళ్లకు ఎలా చెప్పానో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కాగితాలు మన ఇళ్లల్లో చాలానే ఉంటాయి కదా.

అసలు ఈ కొలెస్ట్రాల్ యాడ నుంచి వస్తుంది?

“నూనెలో నుంచి” అన్నాడు చిన్నాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు.

నూనెలో కొలెస్ట్రాల్ ఉండదు. చెనిక్కాయైనా, పొద్దుతిరుగుడైనా, కుసుమైనా, నువ్వులైనా చెట్టుకో చేనుకో కాసిన దేనిలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ లేదు. అది జంతువుల సరుకు. నూనె టిన్ను మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాయడం బీరకాయ మీద ‘ఇందులో ఎముకలు లేవు’ అని రాసినట్టు. అబద్ధం కాదు, అలాగని ఆ మాటకు పైసా ఎక్కువివ్వాల్సిన పనీ లేదు.

మరి మన ఒంట్లోకి ఎలా వచ్చింది? చాలామట్టుకు మనమే తయారు చేసుకుంటాం. మన శరీరం రోజుకు సుమారు ఒక గ్రాము కొలెస్ట్రాల్ తయారు చేస్తుంది. అందులో కాలేయానిది పెద్ద వాటా. తిండి నుంచి వచ్చేది మాంసం, గుడ్డు, పాలు తినేవాళ్లకు కూడా రెండు మూడు వందల మిల్లీగ్రాములు, అందులోనూ పేగులు పీల్చుకునేది కొంతే. జన్మలో గుడ్డు ముట్టనివాళ్ల రక్తంలోనూ కొలెస్ట్రాల్ ఉండటానికి కారణం ఇదే.

ఒళ్లు పనిగట్టుకుని దాన్ని తయారు చేస్తోందంటే దానితో అవసరం ఉందనే. ప్రతి కణానికీ ఉన్న పల్చటి గోడలో అది ఉండాలి. లేకపోతే ఆ గోడకు బిగువు ఉండదు. ఎండ తగిలితే చర్మంలో తయారయ్యే విటమిన్ డి, మగవాళ్లను మగవాళ్లుగా, ఆడవాళ్లను ఆడవాళ్లుగా ఉంచే హార్మోన్లు, తిన్న నెయ్యిని అరిగించే పైత్యరసం, అన్నిటికీ ముడిసరుకు అదే. శరీరం బరువులో మెదడు వంతు వందకు రెండే. కానీ ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో దాదాపు పావు వంతు మెదడులోనే ఉంటుంది. “కొలెస్ట్రాల్ అంతా పోవాలి” అని మొక్కుకునేవాళ్లు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

ఇంకో ముచ్చట. మనిషి కొలెస్ట్రాల్‌ను మొదట కనిపెట్టింది రక్తంలో కాదు, రాళ్లలో. పిత్తాశయంలో ఏర్పడే రాళ్లను కరిగించి చూసినప్పుడు తెల్లటి మైనంలాంటి పదార్థం దొరికింది. 19వ శతాబ్దం మొదట్లో షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త దానికి గ్రీకు మాటలతో పేరు పెట్టాడు. పైత్యం అనే మాటకు గట్టిది అనే మాట కలిపి. ఆళ్లగడ్డ వీధుల్లో ఉలి చప్పుడు వింటూ పెరిగిన మనిషికి రాతి కథ చెబితే నచ్చుతుందనుకున్నా. చిన్నాయన నవ్వి “మా శిల్పులు చెక్కలేని రాయన్నమాట” అన్నాడు.

మనమే తయారు చేసుకునేదైతే తిండి మానడం దేనికి?

ఇది చిన్నమ్మ అడిగింది. అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి.

కొలెస్ట్రాల్ మైనంలాంటిది. రక్తమేమో నీళ్లలాంటిది. రెండూ కలవవు. అందుకని కాలేయం దాన్ని ప్రొటీను పొరలున్న చిన్నచిన్న బండ్లలోకి ఎక్కించి పంపుతుంది. ఊళ్లకు సరుకు చేరవేసే బండ్లలో ముఖ్యమైనది ఎల్‌డీఎల్. తిరుగు సరుకు ఎత్తుకొచ్చేది హెచ్‌డీఎల్. మనం ‘చెడ్డ కొలెస్ట్రాల్’, ‘మంచి కొలెస్ట్రాల్’ అంటాం గానీ రెండిట్లో ఉన్న సరుకు ఒకటే. తేడా అంతా బండ్లదే. ఇక ట్రైగ్లిజరైడ్లు అనేవి కొలెస్ట్రాలే కాదు. అవి కొవ్వు రూపంలో దాచుకున్న ఇంధనం. వాటికి వేరే బండ్లున్నాయి.

పని అయిపోయిన ఎల్‌డీఎల్ బండ్లు రక్తంలోనే తిరుగుతూ ఉండకూడదు. వాటిని లోపలికి లాక్కోవడానికి కాలేయం తన కణాల మీద తలుపుల్లాంటి ఏర్పాటు పెట్టుకుంది. అమెరికాలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లు పసితనంలోనే గుండెపోటు వచ్చిన పిల్లలను చూశారు. ఆ పిల్లలు తిన్నదాంట్లో తప్పేమీ లేదు. పుట్టుకతోనే వాళ్లకు ఆ తలుపులు లేవు. ఎల్‌డీఎల్ రక్తంలోనే పేరుకుపోయింది. ఈ తలుపుల సంగతి తేల్చినందుకు వాళ్లిద్దరికీ 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

కాబట్టి రిపోర్టు చూసి అడగవలసింది ‘ఏం తిని తెచ్చుకున్నాను?’ అని కాదు. ‘నా కాలేయం ఎందుకు ఎత్తిపోయలేకపోతోంది?’ అని. తిండి సంగతి ఇక్కడికొస్తుంది. సంతృప్త కొవ్వు, అంటే చల్లటి పూట గడ్డకట్టే రకం కొవ్వు, ఎక్కువ తింటే కాలేయం తలుపులు తగ్గించుకుంటుంది. బండ్లు బయటే ఆగిపోతాయి. నెయ్యిలో సగానికి మించి అదే. పామాయిల్లో దాదాపు సగం. కొబ్బరినూనెలో అయితే నూటికి ఎనభై పైనే. చెనిక్కాయ నూనెలో ఐదో వంతుకు లోపే, పొద్దుతిరుగుడులో పదో వంతు చిల్లర, మన రేగళ్లలో ఒకప్పుడు బాగా పండిన కుసుమలో ఇంకా తక్కువ.

“అంటే నేను చెనిక్కాయ నూనె మానిపించింది దండగేనా?” అన్నాడు చిన్నాయన.

దండగే. పైగా మీరు తెచ్చే ఆ టిన్ను వెనక సన్న అక్షరాలు చదివితే అది పామోలిన్. చెనిక్కాయ నూనె తీసేసి అంతకు రెండు మూడింతల సంతృప్త కొవ్వు ఇంటికి తెచ్చినట్టయింది. కొలెస్ట్రాల్ లేదన్న మాట నిజమే, అక్కడ మోసమేమీ లేదు. చూడవలసిన వరుస మాత్రం అది కాదు.

గుడ్డు విషయానికొస్తే, ఒక పచ్చసొనలో సుమారు 180 నుంచి 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. అందుకే దానికి చెడ్డపేరు. కానీ దానిలో సంతృప్త కొవ్వు సుమారు ఒకటిన్నర గ్రామే. బయట నుంచి కాస్త ఎక్కువ వస్తే కాలేయం తన తయారీ కొంత తగ్గించుకుంటుంది కూడా. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజుకొక గుడ్డు తింటే భయం లేదు. షుగరున్నవాళ్లు మాత్రం పచ్చసొన లెక్క పెట్టుకోవడం మంచిది. ఇంట్లో గుడ్డు మానవలసి వస్తే అది చిన్నమ్మ కంటే ముందు చిన్నాయన!

రక్తనాళం పైపులాగా పూడిపోతుందా?

అందరూ అలాగే అనుకుంటారు. సింకు పైపులో జిడ్డు పేరుకున్నట్టు బొమ్మలు కూడా వేస్తారు. ఆ బొమ్మ చూసే వాట్సాప్‌లో అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం మరగబెట్టి తాగితే ‘బ్లాకులు కరిగిపోతాయి’ అనే వైద్యం పుట్టింది. పైపులోని జిడ్డయితే వేడినీళ్లకు పోతుందేమో. ఇది పైపులో ఉండదు. పైపు గోడలో ఉంటుంది.

చిన్నాయన కేసీ కాలువ కింద వరి పెట్టిన రైతు. ఆయనకు కాలువ లెక్కలోనే చెప్పాను. కాలువలో పూడిక వేరు, కట్టలో ఎండ్రకాయ బొక్క వేరు. పూడిక పైకి కనిపిస్తుంది, నీళ్లు మెల్లగా తగ్గుతాయి. ఎండ్రకాయ బొక్క కట్ట లోపల ఉంటుంది. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, నీళ్లు నిండుగానే పారుతుంటాయి. ఒకరోజు తెల్లారేసరికి గండి.

రక్తనాళంలో జరిగేది ఈ రెండోది. ఎల్‌డీఎల్ బండ్లు ఎక్కువై, ఎక్కువకాలం తిరుగుతుంటే కొన్ని నాళం లోపలి పొర దాటి గోడలోకి దూరతాయి. అక్కడ చిక్కుకుని పాడవుతాయి. వాటిని మింగడానికి తెల్లరక్తకణాలు వస్తాయి. మింగి మింగి నురగతో ఉబ్బినట్టయి అక్కడే చస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ గోడలో మెత్తటి ముద్ద, దాని మీద పల్చటి కప్పు. ఆ కప్పు ఎప్పుడో పగులుతుంది. శరీరం దాన్ని గాయమనుకుని రక్తం గడ్డకట్టించి మూయబోతుంది. ఆ గడ్డ నాళాన్ని అడ్డగిస్తుంది. గుండెలో అయితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం. పెద్ద అడ్డంకి లేని చోట, చిన్న ముద్ద పగిలి కూడా ఇలా అవుతుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉన్నాడే’ అని మనం అనుకునే చావుల్లో కొన్ని ఇలాంటివే.

బీడీ, బీపీ, షుగరు ఈ కట్టకు ఎండ్రకాయలు. పొరను గీరి దారి చేసేవి అవి. కొలెస్ట్రాల్ ఒక్కటే ఉన్నవాడికీ, ఈ మూడూ కలిసి ఉన్నవాడికీ చాలా తేడా ఉంటుంది.

ఇక్కడ చిన్నాయన మాట్లాడటం ఆపాడు. ఆయనకు షుగరు ఎనిమిదేళ్ల నుంచి ఉంది, బీపీ మాత్ర ఉంది. బీడీ మానేశానంటాడు, జేబు మాత్రం వేరే చెబుతుంది.

196 ఉంటే నార్మలని రాసిచ్చినారే?

అది మొత్తం మాత్రమే. మూడు నాలుగు ఖాతాల మొత్తం చూసి ఏ ఖాతాలో అప్పుందో చెప్పగలమా? విడగొట్టి చూద్దాం.

చిన్నాయన కాగితంలో హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 260. మామూలుగా చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్క కడతారు. మొత్తంలో నుంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లను ఐదుతో భాగించి అదీ తీసేయాలి. 196లో నుంచి 34, 52 పోతే 110. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు నేరుగా కొలవాల్సిందే.

చిన్నమ్మది 228. హెచ్‌డీఎల్ 62, ట్రైగ్లిజరైడ్లు 110. లెక్క కడితే ఎల్‌డీఎల్ 144.

ఇప్పుడు ఇంకో చిన్న తీసివేత. మొత్తంలో నుంచి హెచ్‌డీఎల్ ఒక్కటి తీసేస్తే మిగిలేది గోడలోకి దూరగల బండ్లన్నిటిలో ఉన్న సరుకు. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. చిన్నాయనకు 162. చిన్నమ్మకు 166. ఒకరిది నార్మల్, ఒకరిది హై అని ఇల్లంతా అనుకుంటోందే, ఆ ఇద్దరి మధ్య తేడా నాలుగంటే నాలుగు! చిన్నమ్మ మొత్తం పెరగడానికి కొంత కారణం ఆమె మంచి బండ్లే. చిన్నాయన మొత్తం తగ్గి కనబడటానికి కారణం ఆయనకు ఆ మంచి బండ్లు లేకపోవడమే. లేనితనం చూసి నార్మలని మురిసిపోవడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

దానికి తోడు, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లలో ఎల్‌డీఎల్ బండ్లు చిన్నవిగా, సంఖ్యలో ఎక్కువగా తయారవుతాయి. బండికి సరుకు తక్కువ కాబట్టి 110 అన్న అంకె అసలు రద్దీని తక్కువ చేసి చూపిస్తుంది.

పైగా నార్మలనేది అందరికీ ఒకటి కాదు. కార్డియోలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 జులైలో ఇచ్చిన సూచనల ప్రకారం ముప్పు తక్కువున్నవాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు చాలు. షుగరు, బీపీ లాంటివి ఉన్నవాళ్లకు 70 లోపు ఉండాలి, నాన్ హెచ్‌డీఎల్ 100 లోపు. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు 55 లోపు. ల్యాబు కాగితం మీద అచ్చేసిన హద్దుకు మీకు షుగరుందో లేదో తెలియదు. అది తెలిసిన డాక్టరే ఆ అంకెకు అర్థం చెప్పాలి. మామూలుగా ఈ పరీక్షకు పరగడుపు కూడా తప్పనిసరి కాదని అదే సూచనల్లో ఉంది. చిన్నాయన వెంటనే “అయితే ముందే తినొచ్చా!” అన్నాడు. షుగరు పరీక్షకు కాదు చిన్నాయనా.

మన దేశంలో చిన్నాయనలే ఎక్కువ. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో ఐసీఎంఆర్ చేయించిన పెద్ద సర్వే ఫలితాలు 2014లో వచ్చాయి. వాటిలో మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు వందకు 14 మంది దాకా తేలితే, హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లు వందకు 72 మంది. మనకు కనిపించే లోపం ఎక్కువ భాగం నెయ్యితో వచ్చేది కాదు. పాలిష్ పట్టిన అన్నం, చక్కెర, కదలకుండా కూర్చోవడం వీటివల్ల ట్రైగ్లిజరైడ్లు పెరిగి హెచ్‌డీఎల్ తగ్గే రకం. పూటకు పళ్లెం నిండా సన్నన్నం తిని, “నేను నూనే ముట్టను” అనేవాళ్లకు ఇది మింగుడుపడదు.

హెచ్‌డీఎల్ పెంచే మాత్రలు లేవా అని మీరడగొచ్చు. చేశారు, అంకె పెరిగింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. అందుకని డాక్టర్లు ఎల్‌డీఎల్ తగ్గించడం మీదే పట్టుబడతారు.

ఇదంతా పట్నం జబ్బు కాదా?

కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, లక్షా ఎనభై వేల జనాభాలో ఏడాదిపాటు ఎవరు ఏ కారణంతో చనిపోయారో లెక్క తీశారు. 2004 నాటి లెక్క అది. వంద చావుల్లో 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాలవి 12. ఇరవై ఏళ్ల కిందటే పల్లెల సంగతి ఇది.

ఆళ్లగడ్డలో గుండెపోటు మాట వస్తే భూమా నాగిరెడ్డి గారి పేరు రాకుండా పోదు. 2017 మార్చి 12న, నంద్యాల ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు, ఆళ్లగడ్డలోని ఇంట్లో ఆయనకు గుండెపోటు వచ్చింది. నంద్యాల ఆసుపత్రికి తెచ్చారు, బతకలేదు. అప్పటికి ఆయన వయసు 53. ఆ అంకె నాకు ఎందుకు గుర్తుండిపోయిందంటే, 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53గానే తేలింది. మిగతా దేశాల్లో దాదాపు 59. మన దగ్గర ఆరేళ్లు ముందే వస్తోంది.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సిరివెళ్ల మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. ఛాతీ బిగపట్టి, చెమటలు పట్టి, నొప్పి ఎడమచేతికో దవడకో పాకితే గ్యాసని సోడా తాగి పడుకోవడం మన అలవాటు. ఆ గంట చాలా ఖరీదైనది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. 2023 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వాసుపత్రుల్లో ఆ ఇంజెక్షన్ ఉచితంగా వేసే ఏర్పాటు మొదలైంది. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి ముందు పోవాలి, ఈసీజీ తీయించుకోవాలి. సోడా తర్వాత.

మరి చిన్నమ్మకు ఎందుకు పెరిగింది?

ఆమెకు 54 ఏళ్లు. షుగరు లేదు, బీపీ లేదు. నెలసరి ఆగిపోయిన తర్వాత ఆడవాళ్లలో ఎల్‌డీఎల్ పెరగడం మామూలే. అంతవరకు ఈస్ట్రోజెన్ ఆ తలుపులను కాస్త ఎక్కువగా తెరిచి ఉంచుతుంది. అది తగ్గితే తలుపులూ తగ్గుతాయి. కానీ “ఈ మధ్య ఒళ్లు బరువుగా ఉంటుంది, పొద్దస్తమానం నిద్రమబ్బు, ఎండాకాలం కూడా చలి” అని ఆమె అన్నప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. థైరాయిడ్ మందగిస్తే కూడా తలుపులు తగ్గుతాయి. కొలెస్ట్రాల్ ఎక్కువని తేలినవాళ్లకు మాత్ర మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించడం అందుకే. దాన్ని సరిచేస్తే చాలామందిలో కొలెస్ట్రాల్ దానంతటదే దిగుతుంది. డాక్టరును అడగమని చీటీ మీద రాసిచ్చాను.

ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లది వేరే కథ. కనురెప్పల మీద పసుపు మచ్చలు, మడమ వెనక నరం దళసరెక్కడం, ఇంట్లో చిన్న వయసులోనే ఎవరికైనా గుండెపోటు వచ్చి ఉండటం, ఇవి కలిస్తే పుట్టుకతో వచ్చిన తలుపుల లోపం కావచ్చు. సన్నగా గెడకర్రలా ఉన్నవాళ్లకూ వస్తుంది. సుమారు మూడొందల మందిలో ఒకరికి ఉంటుంది. ఒకరికి తేలితే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ పరీక్ష చేయించాలి.

ఏం తినాల?

“నెలకు ఎంత నూనె తెస్తారు చిన్నమ్మా?” అన్నాను. “ఐదు లీటర్ల క్యాను. ఇద్దరమే కదా, సరిపోతుంది” అంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో మనిషి పళ్లెంలో నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు. ఇద్దరికి నెలకు రెండు లీటర్ల లోపు. ఏ నూనె మంచిదని గంటసేపు వాదించుకునే ఇళ్లల్లో ఎంత నూనె అన్న మాట ఎవరూ ఎత్తరు. గానుగ నూనైనా సరే, ఆ రుచి నాకూ ఇష్టమే, ఐదు లీటర్లు ఐదు లీటర్లే. ఉగ్గాని తప్పు కాదు, దాని పక్కన బజ్జీ, ఆ బజ్జీ వేగిన బాండలి నూనె పొద్దున్నుంచి ఎన్నిసార్లు కాగిందో, అది చూసుకోవాలి. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు అన్నిటికంటే చెడ్డది. అది ఎల్‌డీఎల్ పెంచుతుంది, హెచ్‌డీఎల్ తగ్గిస్తుంది. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది వందకు రెండుకు మించకూడదని చట్టం వచ్చింది.

ఇక మన సీమ తిండి. సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, అలసందలు, ఉలవచారు. ఈ లెక్కలేవీ తెలియకుండానే మా జేజి తిన్నది ఇదే. వీటిలో పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తోసేస్తుంది. కాలేయం కొత్త పైత్యం చేసుకోవడానికి రక్తంలో నుంచి కొలెస్ట్రాల్ లాక్కుంటుంది. మళ్లీ ఆ తలుపులే తెరుచుకుంటాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు చిరుధాన్యాల మీద జరిగిన 19 అధ్యయనాలను 2021లో కలిపి చూస్తే మొత్తం కొలెస్ట్రాల్ నూటికి ఎనిమిది వంతులు తగ్గినట్టు తేలింది. 1906లో పెట్టిన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం మనకు తెల్లజొన్న రకాలూ, సూర్యనంది కొర్రా ఇచ్చింది. కాలువ నీళ్లొచ్చాక మనం సన్నబియ్యానికి మారిపోయాం. గుప్పెడు చెనిక్కాయలు ఉడకబెట్టుకుని తింటే మేలే. రోజూ అరగంట గట్టిగా నడిస్తే ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి.

అయితే తిండితో ఎల్‌డీఎల్ సాధారణంగా నూటికి పది, పదిహేను వంతులు తగ్గుతుంది. 110 నుంచి 70కి దిగాలంటే అది చాలదు.

మాత్ర ఎలా పనిచేస్తుంది? జీవితాంతం మింగాల్నా?

జపానులో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త రెండేళ్లపాటు ఆరు వేల దాకా బూజులను పరీక్షించాడు. కొలెస్ట్రాల్ తయారీని ఆపే గుణం 1973లో ఒకదానిలో దొరికింది. అది క్యోటోలో ఒక ధాన్యం కొట్టులో బియ్యం మీద పట్టిన నీలాకుపచ్చ బూజు. సోనా మసూరి పండించే ఊరివాళ్లకు ఇది చెప్పుకోవడానికి బాగుంటుంది. ఆ జాతి మందులనే స్టాటిన్లంటారు. మొదటిది 1987లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ఎండో 2024లో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

స్టాటిన్ కాలేయం లోపలి తయారీని తగ్గిస్తుంది. లోపల సరుకు కరువై కాలేయం ఎక్కువ తలుపులు తెరిచి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. ఎల్‌డీఎల్ సుమారు 40 తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు ఐదో వంతు తగ్గుతాయని లక్షమందికి పైగా మీద చేసిన పరీక్షల్లో తేలింది. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. అప్పుడు డాక్టరు మోతాదో మందో మారుస్తారు. గర్భిణులకు ఇవ్వరు. షుగరు కొద్దిగా పెరగొచ్చు, కానీ చిన్నాయనలాంటి వాళ్లకు కలిగే మేలు దానికంటే చాలా పెద్దది.

రెండున్నర నెలల తర్వాత ఆళ్లగడ్డ నుంచి చిన్నాయన ఫోను. డాక్టరు స్టాటిన్ రాశారట, వాడాడట, మళ్లీ పరీక్ష చేయించాడట.

“ఎల్‌డీఎల్ 64 రా అబ్బీ! ఇంక ఆపేద్దునా?”

“కాలువకు షట్టరు ఎత్తితే కదా చేనికి నీళ్లొస్తున్నాయి చిన్నాయనా. నీళ్లొచ్చాయని షట్టరు దించేస్తారా?”

కాసేపు మాట లేదు. “ఆపితే?” అన్నాడు.

“కొన్ని వారాల్లో మళ్లీ పాత అంకె. తగ్గించాలన్నా మార్చాలన్నా డాక్టరే చెప్పాలి. బీడీ ఆపడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు.”

ఫోను చిన్నమ్మ చేతికి పోయింది. ఆమెకు టీఎస్‌హెచ్ ఎక్కువే తేలిందట. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు, కొలెస్ట్రాల్‌కు వేరే మందు రాయకుండా మూడు నెలలు ఆగి చూద్దామన్నారు. నిద్రమబ్బు తగ్గిందంది. క్యాను రెండు నెలలకొకటి వస్తోందట. రెండు లీటర్ల లోపుకు ఇంకా దిగలేదు, అయినా సగానికి సగం తగ్గింది.

“అది సరే గానీ, గుడ్డు నేను తినొచ్చునా లేదా? మీ చిన్నాయన ఆర్నెల్ల నుంచి నన్ను తిననీలా, ఆయన మాత్రం నా వంతు కూడా తింటా ఉండాడు.”

“నీది నువ్వు తిను చిన్నమ్మా” అన్నాను.